నౌకాదళపు కూర్పు - లక్షణము, లక్ష్యము

లక్ష్యమును చూచి లక్షణము పుట్టునా, లక్షణమును చూచి లక్ష్యము పుట్టునా అను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. నగర సముద్ర శైల ఋతు చంద్రోదయాది వర్ణనలు మహాకావ్యమున నుండవలెనని దండి చెప్పినది పూర్వకావ్యములను పరిశీలించి చెప్పినమాట యనుటయే యుక్తము. తరువాతి కాలమున ఆ వర్ణనలే పదునెనిమిదిగా లెక్కకు వచ్చి, లెక్క సరిపోయినచో ప్రబంధము సిద్ధించినదను భ్రాంతికి తావిచ్చినవి. వసుచరిత్రమునకు పిమ్మట పుట్టిన ‘పిల్ల వసుచరిత్రల’ సంగతి సాహిత్యవిద్యార్థులందఱు ఎఱిగినదే. ఆ ప్రశ్నయే నేడు కావ్యలోకమును దాటి మఱియొక రచనారంగమున తలయెత్తినది. అది వీడియో క్రీడారంగము.

మేమిచట పరిశీలింప బూనినది ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ అను వ్యూహక్రీడ నాలుగవ భాగము. స్వీడను దేశమందలి పారడాక్స్ సంస్థ దీనిని 2016వ సంవత్సరము జూన్ 6వ తేదీన వెలువరించినది. 1944లో మిత్రరాజ్యముల సేనలు నార్మండీ తీరమున దిగినదియు జూన్ 6వ తేదీననే. ఆ తేదీ యెన్నిక యాదృచ్ఛికము కాదు. క్రీడాకారుడు రెండవ ప్రపంచయుద్ధ కాలపు దేశమొకదానిని చేపట్టి, 1936 నుండి గాని 1939 నుండి గాని దాని కర్మాగారములను, సేనలను, ఓడలను నడుపును. 2019 ఫిబ్రవరిలో ‘మ్యాన్ ది గన్స్’ అను అనుబంధము వెలువడినపుడు ఇందలి నౌకాయుద్ధ భాగము దాదాపు తిరిగి వ్రాయబడినది. ఏ ఓడకు ఏ ఫిరంగి, ఎంత కవచము, ఏ యంత్రము అమర్పవలెనో క్రీడాకారుడే నిర్ణయించుకొను అవకాశము అప్పుడు కలిగినది. మా విమర్శ ఈ 2019 తరువాతి రూపమునకే వర్తించును.

తెలుగు శాఖవారి పత్రికలో దీనికి చోటెక్కడిదని అడుగువారుందురు. 1942 నాటి సముద్రయుద్ధమును గూర్చి మా విద్యార్థులకు తెలిసినదానిలో చాలవఱకు చరిత్రగ్రంథములనుండి కాక ఇట్టి క్రీడలనుండి వచ్చినదే యని మేము గమనించితిమి. అదియొక కారణము. క్రీడయందలి నియమము కూడ ఒక వాక్యమే యనుట రెండవ కారణము. ‘పెద్ద ఓడ ఒంటరిగా నిలువజాలదు’ అని గ్రంథకర్త వ్రాసినచో చదివి ఊరకుందుము. క్రీడ దానినే నియమము చేసినచో, పెద్ద ఓడను ఒంటరిగా పంపి, అది మునుగగా చూచి ఒప్పుకొందుము. చదివి నేర్చినదానికంటె ఇట్లు నేర్చినది మనస్సున గట్టిగా నాటును. అంత గట్టిగా నాటుదానిని పరీక్షింపక విడుచుట విమర్శకునకు తగదు.

ముందుగా లక్షణమును చెప్పుదుము. ఈ క్రీడలో నౌకాదళము యుద్ధమునకు దిగినపుడు ఓడలు వరుసలుగా నిలుచును. ముందు వరుసలో డిస్ట్రాయర్లు, తేలిక క్రూజర్లు, ఇవి తెరవంటివి. వాని వెనుక యుద్ధనౌకలు, యుద్ధ క్రూజర్లు, భారీ క్రూజర్లు. వానికిని వెనుక విమానవాహక నౌకలు. పెద్ద ఓడ యొక్కింటికి మూడు చిన్న ఓడలు ముందున్నగాని తెర సంపూర్ణము కాదు. విమానవాహక మొక్కింటికి పెద్ద ఓడ యొకటి తోడుండవలెను. తెర సంపూర్ణమైనచో శత్రువుల టార్పెడోలు వెనుక వరుసను చేరలేవు. లోటున్నకొలదియు వానికి దారి తెఱచుకొనును. యుద్ధనౌక యొక్క మహాఫిరంగి చురుకైన చిన్న ఓడకు తగులుట అరుదు. చిన్న ఫిరంగి మందపు కవచమును గీయజాలదు. టార్పెడో పెద్ద ఓడకు మృత్యువు, కాని తెర తొలగువఱకు అది వ్యర్థము. కావున మొదట శత్రువుల చిన్న ఓడలను చిన్న ఫిరంగులతో తుడిచివేసి, పిదప పెద్దవానిని టార్పెడోలకు అప్పగించుట ఇందలి యుద్ధక్రమము.

ఈ నిర్మాణమును మేము మెచ్చుకొనుచున్నాము. ఇందు ఏ ఓడకును స్వతంత్రమైన విలువ లేదు. డిస్ట్రాయరు విలువ దాని వెనుకనున్న యుద్ధనౌకను బట్టి, యుద్ధనౌక విలువ దాని ముందున్న డిస్ట్రాయరును బట్టి ఏర్పడును. అంగాంగి భావము అని మనము కావ్యవిషయమున చెప్పుకొనునది ఇచట అంకెలలో నిలిచియున్నది. అంగి గొప్పదనము అంగములవలననే యను సంగతిని ఇంత తేటగా చూపిన క్రీడలు మేమెఱిగినంతలో కొద్ది. చాల వ్యూహక్రీడలలో ఖరీదైన ఓడయే మంచి ఓడ. దానిని ఎక్కువగా కట్టినవాడే విజేత. ఈ కర్తలు ఆ సులభమార్గమును త్రోసివేసిరి.

ఒకటికి మూడు అను లెక్క మనకు అపరిచితమైనది కాదు. భారతము ఆదిపర్వమున చెప్పబడిన ‘పత్తి’ యందు ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు. అదియే మూడింతలు మూడింతలుగా పెరిగి, చివర పదింతలై, 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 పదాతులు కల అక్షౌహిణి యగును. కౌటిల్యుడు అర్థశాస్త్రము పదవ అధికరణమున గుఱ్ఱమునకు ముందు ముగ్గురు పదాతులను, రథమునకు గాని ఏనుగునకు గాని పదునైదుగురు పదాతులను, ఐదు గుఱ్ఱములను నిలుపుమనెను. స్టాక్‌హోములోని క్రీడాకర్తలు అర్థశాస్త్రము చూచి ‘మూడు’ అను సంఖ్యను గ్రహించిరని చెప్పుట నవ్వులాట యగును. ఇట్టి సామ్యములను చూపి సంతసించు వ్యాసములు ఇదివఱకే ఎక్కువైనవి. మాకు కావలసినది సామ్యము కాదు, భేదము. కౌటిల్యుడు సంఖ్య చెప్పి ఊరకుండలేదు. ఏ బలమునకు ఏ నేల తగినదో, రాళ్లు, బురద, చెట్లు ఉన్నచోట ఏది నడచునో, ఏది నడువదో ముందుగనే వివరించెను. క్రీడయందును లోతైన సముద్రము, లోతులేని సముద్రము, దీవుల నడిమి ఇఱుకు జలములు వేఱువేఱుగా కలవు. వాని ఫలములును వేఱు. కాని ‘మూడు’ అను సంఖ్య మాత్రము ఎచటను చలింపదు. పని మారినను మారదు.

ఇక లక్ష్యము. లక్షణము స్థిరపడిన వెంటనే దానిని సంతృప్తిపఱచుటకు చౌకదారి యేదియని ఆటగాండ్రు వెదకుట సహజము. వారు కనుగొన్న దారి విచిత్రమైనది. ఈ క్రీడలో క్రూజరు తేలికదా భారీదా యనునది దాని ఫిరంగిని బట్టి నిర్ణయమగును. భారీ ఫిరంగి నొక్కదానిని అమర్చినచో అది భారీ క్రూజరు. రెండవ వరుసలో నిలుచును. ముందున్న తెర దానిని కాచును. మిగిలిన స్థానములన్నింట తేలిక ఫిరంగులను నింపినచో, ఆ ఓడ సురక్షితమైన వెనుక వరుసనుండి శత్రువుల చిన్న ఓడలను చీల్చివేయును. చేయుపని తేలిక క్రూజరుది, నిలుచు చోటు భారీ క్రూజరుది. ఇట్టి ఓడలు కొన్ని, వానికి ముందు టార్పెడోలు కట్టిన చౌక డిస్ట్రాయర్లు అనేకము: ఈ కూర్పు ఆటగాండ్ర నడుమ చిరకాలము ఉత్తమ నౌకాదళముగా వాడుకలో నుండెను. క్రీడాకర్తలు తరువాతి సవరణలలో అంకెలు మార్చుచు దీని బలమును తగ్గింప జూచిరి. యుద్ధనౌకలను నమ్ముకొన్నవారు దీనిని మోసమనిరి. చరిత్రలో ఇట్టి ఓడ లేదనిరి.

ఈ ఆక్షేపణ సగమే సరియైనది. 1922 నాటి వాషింగ్టను ఒడంబడిక క్రూజరునకు 10,000 టన్నుల బరువును, 8 అంగుళముల ఫిరంగిని పరిమితిగా నిర్ణయించెను. 1930 నాటి లండను ఒడంబడిక క్రూజర్లను రెండుగా చీల్చెను. చీల్చినది బరువును బట్టి కాదు, ఫిరంగి నోటి కొలతను బట్టి. 6.1 అంగుళములకు, అనగా 155 మిల్లీమీటర్లకు, మించిన ఫిరంగి యున్నచో ఒక తరగతి. మించనిచో మఱియొక తరగతి. ‘భారీ’, ‘తేలిక’ అను పేర్లు ఈ రెండు తరగతులకు వాడుకలో స్థిరపడినవి. పేరు బరువును చెప్పును, నిర్ణయము ఫిరంగిది. మన వైయాకరణుల మాటలో చెప్పవలెనన్న ఇది యౌగికము కాదు, రూఢము. పదార్థమును నమ్మి ఓడను తెలిసికొనబోయినవాడు పొరపడును.

ఈ రూఢార్థము నాశ్రయించి జపాను కట్టించినవే మొగామి తరగతి క్రూజర్లు. భారీ క్రూజర్లలో ఆ దేశమునకు లభించిన భాగము 12 ఓడలతో నిండిపోయినది. తేలికవానిలో చోటు మిగిలియున్నది. కావున 155 మిల్లీమీటర్ల ఫిరంగులు 15 అమర్చి, 8,500 టన్నుల ఓడలని ప్రకటించి, మొగామి, మికుమ, సుజుయ, కుమనో అను నాలుగింటిని తేలిక క్రూజర్లుగా కట్టిరి. 1936 చివర ఒడంబడికల గడువు తీరెను. 1939 ప్రాంతమున ఆ ఫిరంగులను తొలగించి 203 మిల్లీమీటర్లవి పదేసి అమర్చిరి. తేలిక ఓడలు నాలుగు ఆవిధముగా భారీ ఓడలైనవి. తొలగించిన ఫిరంగి గోపురములలో కొన్ని యమాతో మహానౌకకు ఉపఫిరంగులుగా చేరినవి. పేరొకటి, సత్త్వ మొకటిగా ఓడను కట్టుట చరిత్రలో లేదనుట ఎట్లు? ఆటగాడు చేసిన తంత్రము ఒడంబడికల యుగపు తంత్రమే. కర్తలు ఎఱిగి చేసిరో, ఎఱుగక చేసిరో, ఫిరంగిని బట్టి పేరు పెట్టు పద్ధతిని గ్రహించుటతో ఆ పద్ధతియందలి లొసుగును కూడ గ్రహించిరి.

అయినను భేద మొకటి కలదు. మా దృష్టిలో ఈ భాగమందలి ప్రధానదోష మదియే. 1930లో ‘భారీ’ యను పేరు ఒక భారము. ఆ పేరు పడినచో దేశపు వాటాలో ఒక ఓడ తగ్గును. అందుచేత జపాను ఆ పేరును తప్పించుకొనెను. క్రీడలో ‘భారీ’ యను పేరు ఒక వరము. దానివలన వెనుక వరుసలో రక్షణ దొరకును. అందుచేత ఆటగాడు ఆ పేరును కోరును. ఒడంబడికలో పేరు విలువ కాగితము మీద, దౌత్యవేత్తల బల్లయొద్ద ముగియును. సముద్రము మీద ఎదుటి ఓడ ఫిరంగి ‘నీవే తరగతి’ యని అడుగదు. క్రీడలో పేరే సముద్రము మీదికి వచ్చి కవచమువలె పనిచేయుచున్నది. వరుసలో స్థానము ఓడ కవచమును బట్టి, ఫిరంగి దూరమును బట్టి, వేగమును బట్టి ఏర్పడినయెడల ఈ చిక్కు రాదు. అంకెలను సవరించుటచేత కర్తలు ఫలమును తగ్గించిరి గాని కారణమును తాకలేదు.

ఇక ‘మూడు’ అను సంఖ్య. దీనిని పరీక్షించుటకు మేము మన తీరమునకు వచ్చిన దళమునే తీసికొందుము. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీద, కాకినాడ మీద బాంబులు పడినవి. ఆ విమానములు బయలుదేరినది ర్యూజో అను చిన్న విమానవాహక నౌకనుండి. దానిని నడిపించిన ఓజావా దళమందు చోకాయి అను భారీ క్రూజరు, పైన చెప్పిన మొగామి తరగతి నాలుగు, యూర అను తేలిక క్రూజరు, నాలుగు డిస్ట్రాయర్లు ఉండెను. క్రీడాలక్షణమును బట్టి ఐదు భారీ క్రూజర్లకే పదునైదు చిన్న ఓడలు తెరగా నుండవలెను; ఉన్నవి ఐదు. ఆటగాండ్రు వ్రాసికొన్న మార్గదర్శికలను చదివిన విద్యార్థి దీనిని చూచిన యెడల, ఇది కూర్పు తెలియనివాని దళమని కొట్టివేయును.

ఆ దళము అంతటితో ఆగలేదు. ఉన్న కొద్ది ఓడలను ఓజావా మూడు భాగములు చేసెను. ఉత్తరభాగమున కుమనో, సుజుయలకు తోడు ఒక్క డిస్ట్రాయరు. దక్షిణభాగమున మికుమ, మొగామిలకు తోడు మఱియొకటి. ఇట్లు చీలి బంగాళాఖాతమున కలకత్తా దారినున్న వాణిజ్యనౌకలను ఇరవైకి పైబడి ముంచి, నష్టము లేక మరలిపోయెను. లక్షణవిరుద్ధమైన కూర్పు ఇంత ఫలము నిచ్చుటకు కారణము స్పష్టము. ఆ ఓడలకు రక్షకనౌకలు లేవు; టార్పెడో వేయువాడు లేడు; బ్రిటిషు తూర్పు నౌకాదళము దూరమున నున్నది. టార్పెడో లేనిచోట తెర యెందులకు? వెదకవలసిన సముద్రము విశాలమైనపుడు ఒక్కటిగా నుండుటకంటె మూడుగా చీలుటయే మేలు. పనిని బట్టి కూర్పు, శత్రువును బట్టి కూర్పు. ఓజావా ఎఱిగిన దిది.

క్రీడ దీనిని నిషేధించినదా యని అడిగిన, లేదనియే న్యాయముగా చెప్పవలెను. వాణిజ్యనౌకలను వేటాడు పనికి దళమును నియోగించు వీలు ఇందు కలదు. రక్షణలేని ఓడలపై పడినపుడు తెర లోపము వేటగానికి కీడు చేయదు. కాని ఆ పనికి జలాంతర్గాములు ఎంతో చౌక. క్రూజర్లను పంపుమని ప్రోత్సహించునది క్రీడలో తక్కువ. అందుచేత ఆటగాడు ఆ దారి త్రొక్కడు. త్రొక్కనిదానిని నేర్వడు. నియమమునకు హద్దు ఎక్కడనో తెలియక, దానిని సార్వత్రిక సత్యముగా పట్టుకొనును. దోషములో కొంత కర్తలది, ఎక్కువ భాగము మార్గదర్శికలు వ్రాసినవారిది. ఛందోవ్యాకరణములకు అప్పకవి చెప్పినదంతయు కవిత్వమునకు చెప్పినట్లు భావించినవారిని మనము చూడలేదా?

అదే వారమున దక్షిణమున జరిగినదానిని కూడ సంగ్రహముగా చూతము. ఈ క్రీడలో ఒక యుద్ధమున నాలుగు విమానవాహకములకు మించినచో విమానముల పని దెబ్బతినును. మించినకొలదియు ఆ నష్టము పెరుగును. సింహళము మీదికి వచ్చిన నగుమో దళములో అట్టివి ఐదు: అకాగి, సోర్యూ, హిర్యూ, షోకాకు, జుయికాకు. ఏప్రిల్ 5వ తేదీన కార్నువాల్, డార్సెట్‌షైర్ అను క్రూజర్లను, 9వ తేదీన హెర్మీస్ అను విమానవాహకమును ఆ దళపు విమానములు ముంచినవి. నాలుగను హద్దు క్రీడయందు ఒకే కుప్పగా ఓడలను పోగుచేయు ఆటగానికి పగ్గముగా పెట్టినది గాని చరిత్రనుండి తీసినది కాదు. పగ్గముగా అది అవసరమే.

సోమర్విల్ విషయమున మాత్రము క్రీడ చరిత్రకు చాల దగ్గరగా నున్నది. ఆయన చేతిలో కాగితము మీద ఐదు యుద్ధనౌకలు, మూడు విమానవాహకములు కలవు. చూచుటకు మహాదళము. కాని యుద్ధనౌకలలో నాలుగు పాతవి, మందగమనములు. ఆయన వేగమును బట్టి దళమును రెండుగా విడదీసి, పగటివేళ నగుమోకు చిక్కక తప్పించుకొనెను. క్రీడలో దళపు వేగము అందఱికంటె నెమ్మదియైన ఓడ వేగమే. పాత ఓడలను క్రొత్తవానితో కలిపినవాడు క్రొత్తవానిని కూడ పాతవి చేయును. ఈ నియమమును రెండుమార్లు అనుభవించిన విద్యార్థికి సోమర్విల్ పిఱికివాడా, వివేకియా యను ప్రశ్నను వేఱుగా బోధింపనక్కఱలేదు. మేము మా తరగతిలో అడిగి చూచితిమి; క్రీడ నెఱిగినవారు వెంటనే సమాధానము చెప్పిరి, ఎఱుగనివారు ఓడల సంఖ్యను లెక్కించిరి.

క్రీడను క్రీడగా చూడక చరిత్రగా తూచుట అన్యాయమని కొందఱందురు. అంకెలు ఆట సమముగా సాగుటకే పెట్టబడినవని వారి వాదము. మొగామి యనియు, హెర్మీస్ యనియు నిజమైన పేర్లు పెట్టక, 1936 అని తేదీ వేయక, ఎఱ్ఱదళము నల్లదళము అని ఆడించినచో ఈ వాదమును అంగీకరింపవచ్చును. పేర్లు, తేదీలు చరిత్రనుండి తీసికొని, విమర్శ వచ్చినపుడు మాత్రము ఆటలోనికి తప్పుకొనుట పొసగదు.

ఈ పేర్ల సంగతియందే మాకు మఱియొక లోపము కనబడుచున్నది; దీనిని గూర్చి ఆటగాండ్రెవ్వరును అంతగా మాటాడినట్లు లేదు. ఈ క్రీడలో చిన్న డిస్ట్రాయరునకు కూడ పేరు కలదు. క్రీడాకారుడు తన ఓడలను పేరుతో పిలిచి, అవి మునిగినపుడు చింతించును. వాణిజ్యనౌకలకు పేరు లేదు. అవి ఒక మొత్తపు సంఖ్య మాత్రమే. దేశమునకు ఇన్ని గలవని తెరపై నుండును. నౌకాదళపు కూర్పంతయు తుదకు ఎవరిని కాచుటకో, ఎవరిని ముంచుటకో ఏర్పడినదో ఆ ఓడలే కూర్పుకు వెలియైనవి. ఏప్రిల్ 6వ తేదీన బంగాళాఖాతమున మునిగినవానికి పేర్లుండెను. మాల్డా, ఇండోరా, గండారా, డార్డనస్, ఆటోలైకస్ వానిలో కొన్ని. అట్టి బ్రిటిషు వాణిజ్యనౌకలలో బొగ్గు వేయువారుగా, కళాసీలుగా భారతీయులు వేలకొలది పనిచేసిరి. విశాఖలో, కాకినాడలో బాంబులు పడిన పిమ్మట ఊళ్లు విడిచిపోయిన జనమును గూర్చి మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనిరి. సముద్రము మీద మునిగినవారిని గూర్చి చెప్పుకొన్నది తక్కువ. క్రీడలో ఆ ఉదయమును తిరిగి ఆడించినచో బ్రిటిషువారి సంఖ్యలో ఇరవై తగ్గును. ఓడల రేవులో పని సాగుచున్నచో కొన్ని వారములకు ఆ సంఖ్య మరల నిండును.